మా జేజి రెండో సమర్త

నా చిన్నప్పుడు నేను మంచి పిల్లను కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే, తర్వాత నన్ను తిట్టుకునేవాళ్లకు పని సులువవుతుంది. ఇట్లాంటి జ్ఞాపకాలు రాసేవాళ్లంతా చిన్నప్పుడు ఎంతో బుద్ధిమంతులు. ఎవరో పెద్దమనిషి ఒక మంచి మాట చెబుతాడు, వీళ్లు దాన్ని కండ్లకద్దుకుని బాగుపడతారు. నా సంగతి వేరు. నాకు బుద్ధి చెప్పింది మా జేజి, మా నాన్నను కన్నతల్లి. ఆమె దాన్ని మంచి మాటతో చెప్పలేదు.

బడి సంగతి కూడా చెప్పేస్తాను. మూడో తరగతిలో ఉండగా మా అయ్యవారు ఎట్లా నడుస్తాడో, నడుస్తూ నడుస్తూ పంచె ఎట్లా ఎగదోపుకుంటాడో పిల్లలకు చేసి చూపించాను. పడీపడీ నవ్వుతున్నవాళ్లు ఒక్కసారిగా గప్‌చిప్ అయ్యారు. వెనక్కి తిరిగితే అయ్యవారు. "కుదురుగా కూచోవడం నేర్చుకున్న దినం మళ్లా రాపో" అని పలక చేతికిచ్చి పంపించాడు. ఆ విద్య నాకు ఇంతవరకు అబ్బలేదు, కాబట్టి బడికి మళ్లీ పోలేదు.

మాది వేంపల్లెకు నాలుగు మైళ్ల దూరంలో ఒక పల్లె. వాన కంటే వాన గురించిన మాటలే ఎక్కువ కురిసే ఊరు. ఇంట్లో మా జేజి, మా పెదనాయన, మా పెద్దమ్మ, మా అమ్మానాన్నలు, నేను. బడి మానేశాక నాకు మిగిలిన పనులు రెండే. కోళ్లు ఎక్కడెక్కడ గుడ్లు పెట్టాయో వెతకడం, ఊళ్లోవాళ్లకు వంకర పేర్లు పెట్టడం. నేను పెట్టిన పేరు ఒకసారి అంటుకుంటే ఆ మనిషి పోయేదాకా ఊడేది కాదు. ఆ నోరు నాకు మా జేజి నుంచే వచ్చిందని అందరూ అనేవాళ్లు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంటే ఊరి పెద్దలు కూడా పక్క సందులోంచి పోయేవాళ్లు.

మా ఊరి గంగమ్మ జాతరలో అమ్మవారికి మొదటి పొంగలి కుండ పెట్టే ఆడమనిషికి ఒక నియమం ఉండేది. ఆమెకు ముట్టు నిలిచిపోయి ఉండాలి. నొసట బొట్టుందా లేదా, కలిగిన ఇంటిదా లేని ఇంటిదా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నెలనెలా మూడు దినాలు బయట కూర్చునే బాధ తీరిందా లేదా, అదొక్కటే చూసేవాళ్లు. మా జేజి పదిహేనేండ్లుగా ఆ కుండ పెడుతోంది. ఆమె మొగుడు, మా జేజినాయన, పోయి అప్పటికి పదేండ్లు. మామూలు దినాల్లో బయలుదేరేటప్పుడు ఆమె ఎదురైతే వెనక్కి పోయి ఇన్ని నీళ్లు తాగి మళ్లీ బయలుదేరే మగవాళ్లు, ఆ ఒక్క దినం ఆమె కాళ్లకు నీళ్లు పోసి, ఆమె నడిచే దారిలో ఉతికిన పంచెలు పరిచేవాళ్లు. ఏడాదికి ఒక్క దినం. దానికోసం ఒక మనిషి ఎంత దూరం పోతుందో అప్పట్లో నాకు తెలియదు.

మా పెద్దమ్మకు రెండేండ్ల కిందటే ముట్టు నిలిచింది. అప్పటినుంచి ఆమె కన్ను ఆ కుండ మీదే.

జాతర ఇంకా పది దినాలుందనగా ఒక ఉదయం నేను వామిదొడ్లో గడ్డివాముల సందుల్లో గుడ్ల కోసం చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. గుడ్డు దొరకలేదు. గట్టిగా చుట్టిన గుడ్డల మూట ఒకటి దొరికింది. విప్పితే పాత చీర పేలికలు, వాటి మీద మరకలు. మా అమ్మ నెలకోసారి బయట కూర్చునేది కాబట్టి ఆ మరకలేమిటో పదకొండేండ్ల పిల్లకు కూడా తెలుసు. ఆ చీర అంచు ఎవరిదో కూడా తెలుసు. అట్లాంటి వెడల్పు ఎర్రంచు చీర మా ఇంట్లో మా జేజి ఒక్కతే కట్టేది.

నాకు భయం వేయలేదు. జాలి కలగలేదు. ఇంతకంటే మంచి తమాషా మా ఊళ్లో పుట్టబోదని మాత్రం అనిపించింది. ఆ పేలికను కర్రకు గుచ్చుకుని బావిదగ్గరికి పరుగెత్తాను. అక్కడ పదిమంది ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. "మా జేజి సమర్తాడింది" అని కేక వేశాను. సమర్తాడడం అంటే ఆడపిల్ల పెద్దమనిషి కావడం. అరవై ఆరేండ్ల ముసలామె పెద్దమనిషి కావడం.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ ఆగలేదు. వాళ్లలో అందరికంటే పెద్దగా నవ్వింది మా పెద్దమ్మే. పొట్ట పట్టుకుని, బండ మీద కూలబడి, కండ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పదండమ్మా, పిల్లను కూచోబెట్టాల గదా" అని మొదట లేచింది కూడా ఆమే.

ఆ తర్వాత జరిగింది రాయడానికి నా చెయ్యి ఆడదనుకున్నాను గానీ బాగానే ఆడుతోంది. మా జేజి అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వాళ్లు వచ్చి ఆమె చేతిలోంచి చేట లాక్కున్నారు. ఈతచాప పరిచారు. రెండు రెక్కలూ పట్టుకుని దాని మీద కూర్చోబెట్టారు. సమర్తాడిన పిల్లకు పెట్టినట్టే నువ్వులు, బెల్లం, ఎండు కొబ్బరి తెచ్చి నోట్లో కుక్కారు. ఒకామె బుగ్గలకు పసుపు పూసింది. నేను అప్పటికప్పుడు పాట కట్టాను. అరవై ఆరేండ్ల పెండ్లికూతురా, ఏ ఊరి సంబంధం చూడాలే, పండ్లు లేని పెండ్లికొడుకు చాలునా అని. వాళ్లంతా చప్పట్లు కొడుతూ అందుకున్నారు. నా జన్మలో అంత బాగా ఏదీ కుదరలేదు.

 ఊరి పెద్దల్ని సందుల్లోకి తరిమిన మా జేజి నోరు ఆ దినం నువ్వులు నములుతూ కూర్చుంది. నాకేసి మాత్రం ఒకసారి చూసింది. కోపంగా చూసి ఉంటే నేను ఆ చూపును ఎప్పుడో మర్చిపోయేదాన్ని. ఆమె నా పాట బాగుందో లేదో తూకం వేస్తున్నట్టు చూసింది.

మర్నాడు పెద్దలు చేరి, ఈసారి పొంగలి కుండ మా పెద్దమ్మ పెట్టాలని తేల్చారు.

ఆ సాయంత్రమే మా జేజి నన్ను వంకలోకి తీసుకుపోయింది. నీళ్లు లేని వంక. ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు ముంతతో తోడి, తన గుడ్డలు నా ముందు పడేసింది. "ఉతుకు" అంది. నేను ముక్కు మూసుకున్నాను. ఆమె నా చెవి పట్టుకుని ఒక పేలికను నా ముక్కుకు ఆనించింది.

"పాట కట్టినావు గదా. దేనిమీద కట్టినావో చూడాల గదా. మీ అమ్మ గుడ్డలు చూసినావే, ఇట్లుంటాయా?"

ఉండవు. మా అమ్మవి వేరు. ఇవి మాంసం కడిగిన నీళ్ల రంగులో ఉన్నాయి. ఎండలో రెండు దినాలు పడి ఉన్న దానికి వచ్చే వాసన వస్తోంది. ఉతికేకొద్దీ వాసన చేతులకు పట్టింది. ఉతుకుతూ ఏడ్చాను. నేను ఏడుస్తుంటే ఆమె ఇసకలో కాళ్లు చాపుకుని కూర్చుని చూసింది. అయిపోయాక ఇంకొకటి ఇచ్చింది.

అప్పుడు చెప్పింది. రెండేండ్లుగా అట్లా అవుతోందట. మొదట ఒక చుక్క, గోరంత. పదమూడేండ్లు ఏమీ లేక హాయిగా ఉన్న ఒంట్లోంచి మళ్లీ ఒక చుక్క. ఎవరికైనా చెబితే కుండ పోతుంది. చెప్పలేదు. తర్వాత నెలకోసారి, తర్వాత వారానికోసారి, తర్వాత నడుము నొప్పి. అప్పుడూ చెప్పలేదు. "నువ్వు ఊరంతా చాటినావు, ఇంగ దాచేదానికి ఏముండాది" అని, వేరే ఊరికి పెండ్లికి పోదాం పద అన్నంత తేలిగ్గా, "రేపు ఆసుపత్రికి పోదాం పా" అంది. ఆ చాటింపు వేయకపోతే ఆమె అసలు పోయేదే కాదు. నా పాపంలో ఇంత పుణ్యం కూడా ఉందని అప్పుడప్పుడూ నాకు నేను సర్ది చెప్పుకుంటాను. అది నిలవదు.

మా పెదనాయన బండి కట్టాడు. పొద్దున బయలుదేరితే పొద్దు వాలే వేళకు మిషన్ ఆసుపత్రి చేరాం. అక్కడి డాక్టరమ్మ దొరసాని కాదు, మన మనిషే, తెల్లచీర, నూనె పెట్టి బిగించి దువ్విన తల. లోపలికి తీసుకుపోయి చూసి, బయటికి వచ్చి చేతులు కడుక్కుని చాలాసేపు తుడుచుకుంది.

"రెండేండ్లు ఏం చేస్తాంటివవ్వా?"

"పొంగలి వండుతాంటి" అంది మా జేజి.

డాక్టరమ్మ నవ్వలేదు. గర్భసంచి మూతిదగ్గర పుండు పుట్టిందనీ, అది లోలోపల పాకి పక్కలకు పట్టేసిందనీ, మొదటి చుక్క కనబడ్డప్పుడే వచ్చి ఉంటే చేయగలిగింది ఎంతో ఉండేదనీ, ఇప్పుడు నొప్పికి మందు ఇవ్వడం తప్ప ఏమీ లేదనీ చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. మా జేజి కూడా ఉన్నదున్నట్టే విన్నది. విన్నాక ఒకటే అడిగింది. "ఆడది ఎప్పుడెప్పుడు రావాలో చెప్పు. ఈ పిల్లకు చెప్పు. దీని నోరు పెద్దది."

ఆ డాక్టరమ్మ పీట మీద కూర్చుని, నా మొహంలోకి చూస్తూ చెప్పింది. ముట్టు నిలిచి ఏడాది దాటినాక ఒక్క చుక్క కనబడినా రావాలి. మొగుడి దగ్గర పడుకున్నాక రక్తం కనబడితే రావాలి. ఒక ముట్టుకూ ఇంకో ముట్టుకూ నడుమ కనబడితే, వారం దాటినా ఆగకుంటే, గుడ్డ మీద గుడ్డ నానిపోతుంటే రావాలి. చెడు వాసనతో నీళ్లలాగా పోతుంటే రావాలి. "వచ్చినవాళ్లలో శానా మందికి ఏమీ ఉండదు. ఉన్నా చిన్నదే ఉంటుంది. కానీ ఏమీ లేదని చెప్పాల్సింది నేను. మీరు కాదు."

నాకు అందులో సగం అర్థం కాలేదు. తిరుగు దారిలో మా జేజి బండిలో పడుకుని నాచేత దాన్ని ఎక్కాలు అప్పజెప్పించినట్టు అప్పజెప్పించింది. రెండో ఎక్కం రాని నేను అది మాత్రం ఊరు వచ్చేలోపల తప్పు లేకుండా అప్పజెప్పాను. తప్పినచోటల్లా తొడ మీద గిల్లింది.

డాక్టరమ్మ ఏం చెప్పిందని ఇంట్లో అడిగితే, "వయసైపాయ అన్నె" అని ఊరుకుంది. మా పెదనాయన ఎట్లాగూ నోరు విప్పే మనిషి కాదు.

జాతర వచ్చింది. మా పెద్దమ్మ కొత్త చీర కట్టి కుండ నెత్తిన పెట్టుకుంది. మగవాళ్లు పంచెలు పరిచారు. మా జేజి గుడి దగ్గరికి రాలేదు, మిద్దె మీదికెక్కి కూర్చుని అక్కడినుంచే చూసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఊరేగింపు మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు పెద్దమ్మ ఒక క్షణం ఆగి, ఎడమ చేత్తో నడుము పట్టుకుని, పెదవి కరుచుకుని మళ్లీ నడిచింది. ఎవరూ చూడలేదు.

"ఏమే, మీ పెద్దమ్మ ఈమధ్య దినానికి రెండుసార్లు నీళ్లు పోసుకుంటాంది గదా?" అంది జేజి.

జాతరకు మడి అనుకున్నానని చెప్పాను.

"మడి వారం దినాలు. ఈమె ఎండాకాలం నుంచి పోసుకుంటాంది. ఈ కరువులో దినానికి రెండు కడవలు నెత్తిన పోసుకునేది ఎవురే? పో, వెతుకు. వామిలో కాదు. నన్ను పట్టుకున్న చోట ఆమె పెట్టదు. కోడి పోని చోట చూడు."

కోడి పోని చోట మిద్దె మీదనే ఉంది. పిడకల కుప్ప. అడుగున మూడో వరసలో చుట్టిన గుడ్డ దొరికింది. రంగు చూశాను. ఈసారి ఎవరూ చెవి పట్టుకోకుండానే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన, కాకుంటే ఇంకా లేతది.

నిజం చెబుతాను. నాకు అప్పుడు వచ్చింది దుఃఖం కాదు, పాట. రెండు చరణాలు నోట్లో తయారుగా ఉన్నాయి. కింద ఊరంతా గుడి దగ్గర చేరి ఉంది. నా జేజిని చాప మీద కూలేసి అందరికంటే ఎక్కువ నవ్విన మనిషి, ముట్టు గుడ్డ పిడకల్లో దాచి అమ్మవారికి కుండ పెడుతోంది. మిద్దె అంచుకు పోయి ఒక్క కేక వేస్తే చాలు. నా కాలు అంచు వైపుకే పోయింది.

మా జేజి నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. అంతకుముందు నాకు ఎప్పుడూ అంత నొప్పి పుట్టలేదు.

"నువ్వు కేకేస్తే ఆమె ఏం చేస్తాదో చెప్పు. నాది కాదంటాది. కోడి రక్తం అంటాది. ఇంగ పిడకల్లో పెట్టదు, ఇంకా లోపలికి పెట్టుకుంటాది. నేనట్లనే పెట్టుకుంటి. ఈ ఊరు నవ్వుతాదని రెండేండ్లు లోపల పెట్టుకుంటి. నవ్వు భయానికి దాక్కున్న రోగం మనిషిని తిన్నాకనే బయటికొస్తాది."

ఆ రెండు చరణాలు నేను మింగేశాను. నా జీవితంలో మొదటిసారి ఒక తమాషాను మింగాను. 

జాతర అయిన మూడో దినం మా జేజి తన ఆట మొదలుపెట్టింది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని నెత్తి కొట్టుకుంటూ ఏడుపు. నేను చచ్చిపోతాండా, నాకు బతకాలనుండాది, నన్ను మళ్లా ఆసుపత్రికి తీసుకపోండి, అక్కడనే పెట్టి మందిప్పియ్యండి. శనక్కాయ పీకే కాలం. ఎద్దులు చేన్లో ఉండాలి. మా పెదనాయన తల వంచుకుని నిలబడ్డాడు. "తోడు పెద్దకోడలే రావాల, ఇంగొకరు నాకు గిట్టరు" అని ఇంకో మెలిక. పెద్దమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. వీధిలో పోయేవాళ్లు ఆగి ఆగి చూశారు.

"అరవై ఆరేండ్లు వచ్చినాయి, ఇంకా ఏం చూడాలనే ఈమెకు?" అంది ఒకామె, మా ఇంట్లోకి వినబడేట్టుగా.

"సమర్తాడింది గదమ్మా, ఇంగ కాపురం చేయొద్దా" అంది ఇంకొకామె. నా పాటలోని మాటలే.

మా జేజి వాళ్లకు వినబడేలా ఇంకాస్త గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపంతా కల్లబొల్లిదని నాకొక్కదానికే తెలుసు. చెప్పకూడదని కూడా తెలుసు. ఇంటి గడప మీద కూర్చుని నా పెదాలు నేనే చేత్తో పట్టుకున్నాను. ఆమె నా చెవిలో ముందే చెప్పి పెట్టింది. బండి పెద్దమ్మ కోసం. పేరు జేజిది.

చివరికి మా పెదనాయన బండి కట్టక తప్పలేదు; నీళ్లందించడానికని నన్ను కూడా ఎక్కించారు. చక్రం గుంటలో పడిన ప్రతిసారీ మా జేజి కండ్లు పైకి పోయేవి. గడ్డి పిడికిట బిగించి పట్టుకునేది. మందు వేసుకో జేజీ అంటే, అది తిరుగు దారికి అంది. పెద్దమ్మ దారి పొడుగునా ముసలిదాని ఆశ గురించి ఎద్దులకు చెబుతూ వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మా జేజిని చూసి మళ్లీ ఎందుకొచ్చావన్నట్టు నిలబడింది. మా జేజి నేల మీద చతికిలబడి, "నన్ను చూసేదేముండాదమ్మా, అప్పుడే చూస్తివి. ఈమెను చూడు" అంది.

"నీకు పిచ్చి గాని పట్టిందా అత్తా? నాకేం రోగముండాది?"

"పిడకల కుప్పలో ఉండాది నీ రోగం."

పెద్దమ్మ ముందు నన్ను కొట్టింది. నా చెంప పగిలిందనుకున్నాను. తర్వాత జేజి మీదికి పోయింది. "కుండ నాకొచ్చిందని నీకు కడుపుమంట. నన్ను ఊళ్లో తలెత్తుకోకుండా చేయాలని ఇంత దూరం లాక్కొచ్చినావు" అంది. మా జేజి నడుముకు చుట్టుకున్న గుడ్డలోంచి రెండు పేలికలు తీసి నేల మీద పరిచింది.

"మంటే. లేదంటానా? ఇది నాది, ఇది నీది. రెండూ వాసన చూసుకో. నీది ఇంకా నాది కాలేదు. కుండ నువ్వే పెట్టుకోమ్మా, ఇరవై ఏండ్లు పెట్టుకో. దానికి బతికుండాల గదా."

పెద్దమ్మ వంగి ఆ రెండింటినీ చూసింది.  తర్వాత ఎవరూ పిలవకుండానే తెర వెనక్కి పోయింది. ఎనిమిది నెలలుగా అవుతోందని లోపల చెప్పిందట.

ముక్క తీసి మద్రాసుకు పంపారు. జాబు రావడానికి పదహారు దినాలు పట్టింది. పుండే. కానీ అప్పుడే మొలకెత్తింది. గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారు. మా పెదనాయన కాగితం మీద వేలిముద్ర వేసి, బయటికొచ్చి ఎద్దుల మధ్య నిలబడి, వాటి మెడలు నిమురుతూ ఉండిపోయాడు. ఊళ్లో చెప్పింది మాత్రం ఒకటే. ముసలామెను ఆసుపత్రిలో పెట్టుకున్నారు, పెద్దకోడలు సేవ చేస్తోంది.

ఆసుపత్రిలో ఉండిన ఆ నలభై దినాలూ మంచం మీద పడుకుంది కోడలు. వరండాలో చాప మీద, తనకు ఏ మందూ లేదని తెలిసీ, రోగిలాగా పడి ఉంది అత్త. ఇంటికి పోయి నా మిద్దె కింద చస్తానని డాక్టరమ్మతో అనేదట, మళ్లీ తనే, ఈమె లేచేదాకా కాదులే అనేదట. పనుల మీద ఆ టౌనుకు వచ్చిన మా ఊరివాళ్లు తొంగిచూసి పోయేవాళ్లు. ఒకాయన నేను వింటుండగానే అడిగాడు. "ఏమవ్వా, ఇంకా ఆశ తీరలేదా?"

"యాడ తీరుతాదప్పా, మొన్ననే గదా సమర్తాడితి. మంచి పిల్లోడుంటే చూడు" అంది మా జేజి. ఆయన ఊరికి పోయి ఆ మాట నవ్వుతూ చెప్పాడు. ఊరు నవ్వింది. ఆమెకు కావలసింది అదే. ఊరి కండ్లన్నీ ఆమె మీదనే ఉంటే పక్క మంచం మీదికి ఒక్క చూపు కూడా పోదు.

కుట్లు మానాక బండి ఎక్కాం. ఈసారి మా జేజి చేతిలో మందు ఉంది, కానీ మింగడానికి గొంతు లేదు. మా ఊరి పొలిమేర రాయి కనబడేటప్పటికి ఆమె లేదు. ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు, ఆమె తల నా ఒళ్లోనే ఉంది.

బయట చచ్చిన పీనుగును ఊళ్లోకి తేకూడదు. అది మా ఊరి కట్టు. ఎవరూ ఒప్పుకోలేదు. అరవై ఆరేండ్లలో యాభై ఏండ్లు ఉండిన ఇంటికి రెండు వందల గజాల ఇవతల, పొలిమేర రాయి పక్కన ఎండలో దించారు. అక్కడికే నీళ్లు తెచ్చి పోశారు. అక్కడినుంచి అట్లాగే తీసుకుపోయి మట్టి చేశారు. బతకాలని పరుగెత్తింది, తన ఇంట్లో చచ్చే భాగ్యం కూడా లేకపోయిందని ఆడవాళ్లు అనుకున్నారు.

పెద్దమ్మ వాళ్ల మధ్య కూర్చుని ఏడుస్తోంది. "ఎంత చెప్పినా వినకపాయ, ఆసుపత్రి ఆసుపత్రి అని ప్రాణాలు తీసె" అంది. అంటూ తలెత్తి నన్ను చూసింది. నేను చూశాను. పదకొండేండ్ల నా నోట్లో ఊరంతటినీ కూలేసే మాట ఒకటి ఉంది. ఆమె కండ్లు వద్దని వేడుకోలేదు, బెదిరించలేదు. చెబితే చెప్పు అన్నట్టు ఊరకే నిలిచాయి. నేను తల తిప్పుకుని కాళ్ల దగ్గరి మట్టి గోకుతూ కూర్చున్నాను.

పెద్దమ్మ ఆ తర్వాత ముప్పై నాలుగేండ్లు బతికింది. అందులో ఇరవై రెండేండ్లు కుండ పెట్టింది. ఆ పొంగలి నేనూ తిన్నాను, బాగుండేది. మా జేజి మాట వచ్చినప్పుడల్లా ఆశపోతు ముసలిది అనేది. అనాల్సి వచ్చేది. ఒకసారి మాత్రం, నా పెండ్లయి నేను కోడుమూరు వైపు కాపురానికి పోయేటప్పుడు, సారె మూట కడుతూ ఎవరూ లేనప్పుడు, "ఆ దినం కొట్టినాను గదా, నొప్పి పుట్టిందా" అని అడిగింది. అప్పటికి ఏడేండ్లయింది. లేదని అబద్ధం చెప్పాను. ఇప్పుడామె కూడా లేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

నేను బాగుపడ్డానని అనుకోకండి. పేర్లు పెట్టడం ఇప్పటికీ మానలేదు. కాకపోతే పెండ్లిలో, పేరంటంలో, బస్సులో, ఆడవాళ్లు నలుగురు చేరినచోట నవ్వించి నవ్వించి, వాళ్లు నవ్వుతూ ఉండగా నడుమ ఒక ప్రశ్న వేస్తాను. నీకు నిలిచి ఎన్నేండ్లయింది, మళ్లీ ఎప్పుడైనా కనబడిందా అని. నవ్వుతున్న మనిషి నవ్వు ఆపితే ఆమె పక్కనే కూర్చుంటాను. అట్లా ఐదారుగురిని ఆసుపత్రికి లాక్కుపోయాను. ఎక్కువమందికి ఏమీ లేదన్నారు. ఏమీ లేనిదానికి తీసుకుపోయావని నన్ను తిట్టారు. ఆ తిట్లు నాకు ఇష్టం.

ఇంత చేసిన నాకు కూడా యాభై ఎనిమిదో ఏట ఒక ఉదయం చుక్క కనబడింది. అప్పుడు నేనేం చేశానో చెప్పకపోతే ఇంతసేపూ రాసిందంతా కల్ల. దాచాను. గుడ్డను చుట్టి పిండి డబ్బాల వెనక పెట్టాను. అన్నీ తెలిసిన నేను, ముక్కుకు ఆనించి నేర్పించుకున్న నేను, రెండు దినాలు నోరు మూసుకుని తిరిగాను. మూడో దినం అన్నాల దగ్గర కొడుకు ముందే కోడలికి చెప్పాను. కొడుకు కంచం ముందునుంచి లేచిపోయాడు. పోనీ. కర్నూలుకు పోయి చూపిస్తే ఏమీ లేదు, లోపలి పొర పలచబడిందంతే అన్నారు.

నాకు ఆ దినాల నుంచి మిగిలింది లెక్క ఒక్కటే. మా జేజి రెండేండ్లు దాచింది. పెద్దమ్మ ఎనిమిది నెలలు. నేను రెండు దినాలు. పోయిన ఏడాది నా కోడలికి ముట్టుకూ ముట్టుకూ నడుమ చుక్క కనబడితే, మధ్యాహ్నం నేను విస్తరాకులు కుడుతుంటే వచ్చి చెప్పింది. పొద్దున కనబడితే మధ్యాహ్నం దాకా ఏం చేస్తాంటివే అని ఆ పూటంతా తిట్టాను.